గీత పోయింది సరే, పొర ఎంత పోయింది?

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీ నుంచి 2019 ఆగస్టు 8న తొలి సెల్టోస్ కారు బయటికొచ్చింది. వేరుశనగకు, కరువుకు, వలసలకు పేరుపడిన నేల మీద 536 ఎకరాల్లో, ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సత్తాతో ఆ ఫ్యాక్టరీ లేచింది. 2023 జులై నాటికి అక్కడ తయారైన కార్ల సంఖ్య 10 లక్షలకు చేరింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక పెనుకొండ శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, చాలామంది నోట అది ఇప్పటికీ అనంతపురం కియానే.

కారు పుట్టే ఈ సీమలోనే కారు రంగుకు కష్టాలు ఎక్కువ. ఫ్యాక్టరీలో దుమ్ము కణం వాలకుండా కాపాడి వేసిన రంగు, గేటు దాటగానే 44వ నంబరు జాతీయ రహదారి మీది ఎర్రదుమ్ములోకి వస్తుంది. కొన్ని నెలలు తిరిగాక మిట్టమధ్యాహ్నం ఎండలో బానెట్ మీదికి వంగి చూస్తే, సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు కనిపిస్తాయి. తెల్ల కారులో అవి దాక్కుంటాయి. నల్ల కారులో దాగవు. యజమాని బండిని బఫింగ్ షాపుకు తోలుకెళ్తాడు. గంటలో గీతలు మాయమవుతాయి, రంగు అద్దంలా మెరుస్తుంది. అయితే ఆ మెరుపు కోసం కారు ఏం పోగొట్టుకుందో బిల్లులో రాసి ఉండదు. అది షాపువాడి చేతిలో ఉన్న మెషిన్‌ని బట్టి, ఆ చేతి పనితనాన్ని బట్టి ఉంటుంది.

ఆ మెషిన్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి రోటరీ పాలిషర్, రెండోది ఆర్బిటల్ పాలిషర్. రెండోదాన్ని పనివాళ్లు డ్యూయల్ యాక్షన్ అనీ, పొట్టిగా డీఏ అనీ అంటారు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. రంగు మీద అవి చేసే పని మాత్రం వేరు.

దుమ్ములో ఉన్నది గాజుకన్నా గట్టిది

అనంతపురం పీఠభూమి వానచాటు ప్రాంతం. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్య రుతుపవనాలూ అంతంత మాత్రంగానే తడుపుతాయి. ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వాన తక్కువైనా గాలికి కొదవ లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు వెలసింది అందుకే. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే ఆ గాలి, దున్ని వదిలిన చేల మీది మట్టిని లేపుకొస్తుంది. బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు వైపు వెళ్తే వేదవతి నది ఇసుక గాలికి కొట్టుకొచ్చి దిబ్బలుగా పేరుకున్న దృశ్యం కనిపిస్తుంది.

ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో దాని స్థానం 7. కిటికీ గాజు దానికన్నా మెత్తన. కారు రంగు గాజుకన్నా ఎన్నో రెట్లు మెత్తన. రంగుల పరిశ్రమలో పైపొర గట్టిదనాన్ని పెన్సిల్ మొనలతో గీసి చూస్తారంటే అది ఎంత సుకుమారమో అర్థమవుతుంది. పొద్దున్నే పొడి గుడ్డతో బానెట్ తుడవడమంటే ఆ క్వార్ట్జ్ రేణువులను రంగు మీద అదిమి లాగడమే. నీళ్లకు కటకటలాడే ఊళ్లలో బండిని కడగడం కన్నా తుడవడమే అలవాటు. ఇక్కడి కార్లకు గీతలు తొందరగా పడటానికి సగం కారణం అక్కడే ఉంది.

ఆ గీతలు గుండ్రంగా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ నిజానికి చాలావరకు గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులా పడిన చిన్న చిన్న గీతల్లో, వెలుతురుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే కాంతిని కంటివైపు తిప్పుతాయి. అందుకే దీపం చుట్టూ వలయాల్లా తోస్తాయి. తలను పక్కకు జరిపితే వలయాలూ జరుగుతాయి.

వెంట్రుకకన్నా పలచని కవచం

రంగు కింద ఏముందో తెలియనిదే మెషిన్ ఎంపిక తెలియదు. ఫ్యాక్టరీలో కారు బాడీని ముందు ద్రావణంలో ముంచి, విద్యుత్తు సాయంతో తుప్పు పట్టనివ్వని పొర ఒకటి పట్టిస్తారు. అది 20 మైక్రాన్లకు అటూఇటూ ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాని మీద ప్రైమర్, ఆ పైన అసలు రంగు, అన్నిటికీ పైన రంగు లేని పారదర్శకమైన క్లియర్ కోటు. కొన్ని కార్లలో ప్రైమర్ విడిగా ఉండదు. అన్నీ కలిపినా సాధారణంగా 90 నుంచి 130 మైక్రాన్లే. అందులో క్లియర్ కోటు వాటా 35 నుంచి 50 దాకా. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే, కారు మెరుపంతా ఎంత పలచటి పొర మీద ఆధారపడి ఉందో తెలుస్తుంది.

సన్నగీతలు ఈ క్లియర్ కోటులోనే పడతాయి. పాలిష్ పట్టడమంటే గీతను పూడ్చడం కాదు. గీత అడుగు ఎంత లోతులో ఉందో, దాని చుట్టూ ఉన్న పొరను అంత లోతు దాకా అరగదీయడం. కాంపౌండ్ డబ్బాలో ఉండేది ముఖ్యంగా అల్యూమినియం ఆక్సైడ్ లాంటి అతి సన్నటి రాపిడి పొడి. గట్టి ప్యాడ్, గరుకు కాంపౌండ్ కలిపి పట్టే ఒక విడత పాలిష్‌కు కొన్ని మైక్రాన్లు పోవచ్చు. మెత్తటి ప్యాడ్, సన్న పాలిష్ అయితే ఒక మైక్రాన్ లోపే తేలిపోతుంది.

పోయిన పొర తిరిగి రాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఆ క్లియర్ కోటులోనే ఉంటాయి. అది మరీ పలచబడితే ఏడెనిమిది నెలలు గట్టి ఎండ కాసే ఈ నేల మీద కొన్నేళ్లకే తెల్లబారి, పొట్టు లేస్తుంది. అప్పుడు మళ్లీ రంగు వేయించడమే దారి. వెయ్యి అడుగుల బోరు ఉన్న రైతు మోటారు ఎంతసేపు వేయాలో లెక్క చూసుకున్నట్టే, క్లియర్ కోటునూ లెక్క చూసుకుని ఖర్చుపెట్టాలి. రోటరీయా, ఆర్బిటలా అన్న ప్రశ్నకు మూలం ఇదే: ఉన్న గీతను తీయడానికి ఏ మెషిన్ తక్కువ పొరను తింటుంది, ఏ చేతిలో?

ఒకే ఇరుసు మీద తిరిగేది

రోటరీ పాలిషర్ పని సులువుగా అర్థమవుతుంది. మోటారు, గేర్లు, ఇరుసు, దాని కొసన ప్యాడ్. మోటారు తిరిగితే ప్యాడ్ తిరగాల్సిందే. వేగం నిమిషానికి 600 చుట్ల నుంచి 3,000 దాకా మార్చుకోవచ్చు. నేర్చిన పనివాళ్లు ఎక్కువ పని 1,500కు అటూఇటూ కానిచ్చేస్తారు.

ఈ మెషిన్‌ది యాంగిల్ గ్రైండర్ కుటుంబమే. తల వంచిన గ్రైండర్‌ను జర్మనీలోని ఫ్లెక్స్ కంపెనీ 1954లో తెచ్చింది. గ్రైండర్‌లో వేగం ఎక్కువ, పాలిషర్‌లో గేర్లు ఆ వేగాన్ని బాగా తగ్గిస్తాయి. రాతిపని అలవాటున్న అనంతపురం జిల్లాకు ఈ తిరుగుడు కొత్తేమీ కాదు. తాడిపత్రి నల్లబండలకు నునుపు తెచ్చేది ఇలా తిరిగే రాపిడి పళ్లేలే. బండ మీద నుంచి ఒక మిల్లీమీటరు పోయినా బండకు నష్టం లేదు. కారు రంగు మొత్తం మందం అందులో ఎనిమిదో వంతో పదో వంతో.

రోటరీ పుట్టిన కాలపు రంగులు వేరు. 1920లకు ముందు కార్లకు బ్రష్షుతో వార్నిష్ రంగులు వేసి వారాల తరబడి ఆరబెట్టేవారు. 1923లో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లక్కరును కార్ల పరిశ్రమకు అందించాక ఆ పని గంటల్లోకి దిగింది. ఇవాళ్టికీ మన ఊళ్లలో బీరువాలకు, తలుపులకు డ్యూకో పెయింట్ అనే మాట వాడుకలో ఉంది. లక్కరు రంగును పొర మీద పొర వేసి, రుద్ది, పాలిష్ పట్టాకే మెరుపొచ్చేది. అలాంటి రంగుల మీద ఉన్ని ప్యాడ్ తొడిగిన రోటరీ బాగా కుదిరింది. 1980లలో రంగు మీద క్లియర్ కోటు వేసే పద్ధతి విస్తరించేసరికి, అదే మెషిన్ అదే చేతుల్లో కొత్త పొరను ఇట్టే కాల్చేసే ప్రమాదం ఎదురైంది.

రోటరీతో మూడు చిక్కులున్నాయి. మొదటిది వేడి. ప్యాడ్ ఒకే దిక్కుకు, ఆగకుండా రుద్దుతుంది కాబట్టి ఒక్కచోట రెండు మూడు క్షణాలు ఎక్కువ నిలిపినా అక్కడ రంగు మెత్తబడుతుంది. రెండోది అంచులు. డోరు అంచు, బానెట్ మీది మడత గీత లాంటి చోట్ల రంగు సహజంగానే పలచగా ఉంటుంది. ప్యాడ్ బరువంతా అదే సన్నటి గీత మీద పడటంతో క్లియర్ కోటు తెగి, కింది రంగు ప్యాడ్‌కు అంటుకొస్తుంది. మూడోది హోలోగ్రామ్. ఉన్ని ప్యాడ్ ఒకే దిక్కుకు తిరిగి వదిలిన సన్నటి చారలు నీడలో కనిపించవు. ఎండలోకి రాగానే కారు నడుస్తుంటే ఆ చారలు కూడా రంగు మీద పాకుతున్నట్టు కదులుతాయి. పాత గీతలు పోయి కొత్తవి వచ్చాయన్నమాట.

అయినా రోటరీ పనికిమాలినది కాదు. టింకరింగ్ షాపులో కొత్తగా రంగు వేసిన డోరు మీద 1,500 లేదా 2,000 నంబరు నీటి కాగితం (వాటర్ పేపర్) పట్టిన గుర్తులు తీయాలంటే, నేర్పరి చేతిలో రోటరీ అంత త్వరగా పని ముగించేది లేదు. కార్ల ఫ్యాక్టరీల్లో రంగులో చిక్కిన దుమ్ము మొటిమను సన్న కాగితంతో గీకి, చిన్న ప్యాడ్‌తో ఆ ఒక్కచోటే మెరుపు తెస్తారు. ఇలా చిన్న చోట, కావాల్సినంతే కోత పెట్టడంలో రోటరీకి పట్టు ఉంది. ఏళ్ల తరబడి చేసినవాడు దాంతో హోలోగ్రామ్ రాకుండానూ ముగించగలడు. ఆ చేయి తయారుకావడానికి మాత్రం చాలా పాత డోర్లు, బానెట్లు బలి కావాలి.

తిరుగుతూ ఊగేది

ఆర్బిటల్‌లో ప్యాడ్ ఇరుసుకు సరిగ్గా నడిమధ్యన ఉండదు. కాస్త పక్కకు జరిపి బిగించి ఉంటుంది. మోటారు తిరిగినప్పుడు ప్యాడ్ మొత్తం చిన్న చిన్న వలయాల్లో ఊగుతుంది. దాంతోపాటు ప్యాడ్ తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది. ఈ రెండో తిరుగుడు మోటారు బలవంతం చేసింది కాదు. ఊగే ఊపు వల్ల బేరింగ్ మీద స్వేచ్ఛగా వచ్చింది. చేత్తో గట్టిగా నొక్కితే, లేదా వంపు మీద ప్యాడ్ పక్కకు వాలితే, తిరగడం ఆగిపోయి ఊగడం మాత్రమే మిగులుతుంది. కోత బాగా తగ్గిపోతుంది. కొత్తగా నేర్చేవాడికి ఇదే రక్ష. తప్పు చేసినప్పుడు రోటరీ ఇంకా లోతుకు కోస్తే, ఆర్బిటల్ పని మానేస్తుంది.

చెక్కపనిలో గీతలు పడకుండా సాన పట్టడానికి వాడిన సాండర్లలోంచే ఈ మెషిన్ కార్ల పనికి వచ్చింది. అమెరికాలో పోర్టర్ కేబుల్ కంపెనీ సాండరు కుదురు మీద తయారైన పాలిషర్‌తో ఇంటి దగ్గర కారు పాలిష్ పట్టుకునేవాళ్లు పెరిగారు. తర్వాత 1947లో మొదలైన ఇటలీ కంపెనీ రూపెస్, బిగ్‌ఫుట్ పేరుతో 15, 21 మిల్లీమీటర్ల వలయంలో ఊగే మెషిన్లు తెచ్చింది. అంతకుముందు ఎక్కువగా 8 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉండేవి. వలయం పెద్దదైన కొద్దీ ఒక్కో ఊపులో ప్యాడ్ ఎక్కువ దూరం రుద్దుతుంది. అందుకే ఇవాళ్టి ఆర్బిటల్, సరైన ప్యాడ్ తొడిగితే, ఒకప్పుడు రోటరీకే సాధ్యమన్న పనిలో చాలా భాగం చేయగలుగుతోంది.

ఇంకో రకం కూడా ఉంది. గేర్లతో ప్యాడ్‌ను ఊపుతూ తిప్పుతూ ఉండే మెషిన్. నొక్కినా ఇది తిరగడం ఆపదు. కోత ఎక్కువ, హోలోగ్రామ్ భయం తక్కువ. బదులుగా చేతికి అదురు ఎక్కువ, అంచుల దగ్గర జాగ్రత్తా ఎక్కువే కావాలి.

లెక్క వేసి చూస్తే

రెండు మెషిన్ల మధ్య తేడా చిన్న లెక్కలో తేలిపోతుంది. 150 మిల్లీమీటర్ల ప్యాడ్ తొడిగిన రోటరీ నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే, ప్యాడ్ అంచు రంగు మీద సెకనుకు దాదాపు 12 మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. అదే ప్యాడ్ సరిగ్గా మధ్యన వేగం సున్నా. అంటే ఒకే ప్యాడ్ కింద ఒకచోట తీవ్రమైన కోత, ఇంకోచోట ఏమీ లేదు. ఈ అసమానతను పనివాడు చేతి కదలికతో సరిచేయాలి. ప్యాడ్‌ను కాస్త వాల్చగానే మెషిన్ పక్కకు గుంజుకుపోయేది కూడా ఇందువల్లే.

15 మిల్లీమీటర్ల వలయంలో నిమిషానికి 4,000 సార్లు ఊగే ఆర్బిటల్‌ను తీసుకుందాం. ఊగడం వల్ల వచ్చే వేగం సెకనుకు సుమారు 3 మీటర్లు. ప్యాడ్ మధ్యన ఎంతో అంచునా అంతే. ప్యాడ్ నెమ్మదిగా తిరగడం వల్ల అంచున ఇంకొంచెం కలుస్తుంది. ఒకే నొక్కుడు మీద రాపిడి వేడి వేగాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, రోటరీ అంచు కింద పుట్టే వేడి దీనికి మూడు నాలుగింతలు. పైగా ఆర్బిటల్ ప్రతి క్షణం దిక్కు మార్చుకుంటుంది. అది వదిలే అతిసన్న గీతలు ఒకే వరసలో ఉండవు, ఎండలో చారలుగా కనిపించవు.

ఇదే లెక్కను రోడ్డు పక్క షాపుల్లో అక్కడక్కడ కనిపించే ఒక అలవాటుకు వేసి చూడాలి. పాలిషర్ కొనలేక నాలుగంగుళాల యాంగిల్ గ్రైండర్‌కే స్పాంజి ప్యాడ్ బిగించి బఫింగ్ చేస్తుంటారు. ఆ గ్రైండర్ వేగం నిమిషానికి 11,000 చుట్ల దాకా ఉంటుంది. ప్యాడ్ అంచు సెకనుకు 57 మీటర్ల వేగంతో రంగును తాకుతుంది. దాని కింద క్లియర్ కోటు కాలిపోవడానికి రెప్పపాటు చాలు. ప్యాడ్ చిరిగి ఎగిరితే మనిషికీ దెబ్బే. అలాంటి మెషిన్ కనిపిస్తే బండి తాళం ఇవ్వకుండా వెనక్కి రావడం మంచిది.

ఏ కారుకు ఏది?

ఏడాదో రెండేళ్లో తిరిగిన కారు, ఫ్యాక్టరీ రంగు, పైపై సన్నగీతలు ఉన్నాయనుకుందాం. దీనికి ఆర్బిటలే సరి. మెత్తటి లేదా మధ్యరకం స్పాంజి ప్యాడ్, సన్న పాలిష్ చాలు. గ్లేసియర్ వైట్ పెర్ల్ లాంటి తెలుపు మీద నూటికి నూరు పాళ్లు గీతలు తీయించాలన్న పట్టుదల అక్కర్లేదు. కంటికి కనిపించని గీత కోసం పొరను ఖర్చు చేయడం దండగ.

ఐదారేళ్లు పొడి గుడ్డతో తుడిచిన నల్ల కారు అయితే గీతలు లోతుగా ఉంటాయి. ఇక్కడా ముందు ఆర్బిటల్‌తోనే మొదలుపెట్టి, మైక్రోఫైబర్ ప్యాడ్, కాస్త గరుకు కాంపౌండ్‌తో ఒక అడుగు మేర చోటు చేసి చూడాలి. అది సరిపోతే కారంతా అలాగే. సరిపోకపోతేనే రోటరీ, అదీ గీతలు మిగిలిన చోట్లకే. ఆపైన ఆర్బిటల్‌తో సన్న పాలిష్ పట్టి రోటరీ వదిలిన చారలు తీసేయాలి.

గుద్దుకుని రంగు వేయించిన డోరు, బంపర్ల విషయం వేరు. షాపులో వేసిన రంగు ఒక్కోచోట ఒక్కో మందంలో ఉంటుంది. నీటి కాగితం పట్టిన గుర్తులుంటే రోటరీ పని. అయితే బంపర్ ప్లాస్టిక్. రేకులా వేడిని పంచుకోదు, ఒక్కచోటే ఉడికిపోతుంది. అక్కడ ఆర్బిటల్‌దే పైచేయి.

2014 దాకా తయారైన అంబాసిడర్లు, పాత జీపులు కొన్నిటి మీద క్లియర్ కోటు లేని ఒకే పొర రంగు ఉంటుంది. గుడ్డ మీద కొంచెం పాలిష్ వేసి ఓ మూల రుద్దితే తెలిసిపోతుంది. ఎర్ర కారుకు గుడ్డ ఎర్రబడితే క్లియర్ కోటు లేనట్టు. వాటిని మెత్తటి ప్యాడ్‌తో, తక్కువ వేగంలో, ఓపికగా చేయాలి.

ఏ మెషినూ తాకకూడని కారు కూడా ఇక్కడే తయారైంది. 2021 సెప్టెంబరులో కియా సెల్టోస్ ఎక్స్ లైన్‌ను మాట్ గ్రాఫైట్ రంగులో విడుదల చేసింది. మాట్ రంగుకు మెరవకపోవడమే అందం. దాని పైపొర సూక్ష్మంగా గరుకుగా ఉండి కాంతిని చెదరగొడుతుంది. రోటరీయైనా ఆర్బిటలైనా ఆ గరుకును నున్నగా చేసేసి, నడుమ మెరిసే మచ్చ మిగులుస్తుంది. ఆ మచ్చను తిరిగి మాట్ చేయడం కుదరదు. ఆ భాగం మొత్తానికి మళ్లీ రంగు వేయించాల్సిందే.

ఇక గోరు పెట్టి లాగితే తట్టుకునేంత లోతు గీత. అది క్లియర్ కోటు దాటి పోయి ఉంటుంది, లేదా అడుగుకు దగ్గరగా ఉంటుంది. మెషిన్‌తో దాన్ని పూర్తిగా తీయాలనుకుంటే కవచమంతా పోతుంది. టచప్ పెయింట్ పెట్టించి వదిలేయడమే తెలివైన పని.

ఎండ, ఉప్పు నీళ్లు

యూరప్, అమెరికా వీడియోలు చూసి పని నేర్చుకున్నవాళ్లకు అనంతపురం ఎండ కొత్త పాఠం చెబుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 డిగ్రీలు దాటే ఊళ్లో, ఎండలో నిలిపిన నల్ల బానెట్ 60, 70 డిగ్రీలకు చేరుతుంది. అలాంటి రేకు మీద కాంపౌండ్ పూసిన నిమిషానికే ఎండి పొడిగా రాలుతుంది. పొడిబారిన కాంపౌండ్ కోయదు, గీస్తుంది. అప్పటికే మెత్తబడ్డ రంగు మీద రోటరీ వేడి తోడైతే ముప్పు ఖాయం. వేసవిలో పాలిష్ పని తెల్లవారుజామున, నీడలో, చేయి ఆనిస్తే చల్లగా తగిలే రేకు మీదే చేయాలి. కాంపౌండ్ కొద్దికొద్దిగా, రెండు అడుగుల చదరంలో పూసుకుంటూ పోవాలి.

రెండో సమస్య బోరు నీళ్లు. లోతు బోర్ల నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. కడిగాక తుడవకుండా ఎండకు వదిలేస్తే నీటి బొట్టు ఆవిరై తెల్లటి ఉంగరం మిగులుతుంది. కొత్త మరక అయితే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, తడి గుడ్డతో రెండు మూడు నిమిషాలు ఉంచి కడిగేస్తే పోతుంది. నెలల తరబడి వదిలేస్తే రంగులోకి చెక్కుకుపోతుంది, అప్పుడు పాలిషర్ తప్పదు. ఆర్వో ప్లాంటు వదిలేసే నీళ్లతో కారు కడిగేవాళ్లు ఒక సంగతి గమనించాలి. తీసేసిన లవణాలన్నీ ఆ వదిలేసిన నీళ్లలోనే ఉంటాయి. ఆ నీళ్లు చక్రాలకు, అడుగు భాగానికి సరే, రంగుకు కాదు.

నీళ్ల పొదుపు, రంగు భద్రత ఇక్కడ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. పైపుతో నిమిషానికి 10 లీటర్ల ధార అనుకున్నా పది నిమిషాల్లో 100 లీటర్లు. గొల్లపల్లి రిజర్వాయరు దాకా కృష్ణా నీళ్లు రావడానికి ఎన్ని ఎత్తిపోతలు దాటాలో తెలిసిన జిల్లాలో అలా ఒలకబోయడానికి చేయి రాదు. అలాగని పొడి గుడ్డతో తుడవకూడదు. దీనికి మధ్యేమార్గం ఒకటి ఉంది. దుమ్మును జారేలా పట్టుకునే ద్రవం కలిపిన ఒక బకెట్ నీళ్లలో పది మైక్రోఫైబర్ గుడ్డలు నానబెట్టాలి. ఒక్కో గుడ్డతో ఒక్కో భాగాన్ని, నొక్కకుండా, ఒకే దిక్కుకు తుడవాలి. మాసిన మడతను తిప్పేసి శుభ్రమైన మడత వాడాలి, వాడిన గుడ్డను మళ్లీ బకెట్‌లో ముంచకూడదు. దళసరి బురద ఉంటే మాత్రం ముందు స్ప్రేయరుతో తడిపి దించేయాలి. ఇలా కడిగే కారుకు పాలిషర్ అవసరం చాలా అరుదుగా పడుతుంది.

షాపులో అడగాల్సినవి

బండి అప్పగించే ముందు యజమాని మూడు సంగతులు అడిగి తెలుసుకోవచ్చు. మొదటిది, పెయింట్ మందం కొలిచే మీటరు ఉందా? చేతిలో ఇమిడే ఈ పరికరం రేకు మీద ఆనిస్తే మొత్తం రంగు మందం మైక్రాన్లలో చూపుతుంది. బానెట్ మీద 110 చూపి, ఒక డోరు మీద 250 చూపితే ఆ డోరుకు మళ్లీ రంగు వేసినట్టు. ఒకచోట 70 లాంటి అంకె కనిపిస్తే అప్పటికే ఎవరో గట్టిగా అరగదీశారని అనుమానించాలి, అక్కడ పాలిష్ వద్దనాలి. మామూలు మీటర్లు ప్లాస్టిక్ బంపర్ల మీద పనిచేయవు.

రెండోది, చిన్న చోట చేసి చూపిస్తారా? ఏ ప్యాడ్, ఏ కాంపౌండ్, ఏ వేగం ఆ రంగుకు సరిపోతాయో అక్కడే తేలుతుంది. ఒకే కంపెనీ కార్లలోనూ రంగును బట్టి పొర గట్టిదనం మారుతుంది. పరీక్ష చేయకుండా నేరుగా రోటరీ ఎత్తడమంటే రోగిని చూడకుండానే మందు రాసిచ్చినట్టు.

మూడోది, పాలిష్ పట్టే ముందు అంచులకు టేపు అంటిస్తారా, బంకమట్టిలా ఉండే క్లే బార్‌తో రంగుకు అతుక్కున్న దుమ్ము తీస్తారా? ఆ దుమ్ము ప్యాడ్ కింద చిక్కితే ఏ మెషిన్ వాడినా కొత్త గీతలే.

సొంతంగా మెషిన్ కొని నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లు, కొత్తగా షాపు పెట్టేవాళ్లు మొదట కొనాల్సింది 15 మిల్లీమీటర్ల ఆర్బిటల్. దాని ప్యాడ్ పళ్లెం అంచున మార్కరుతో ఒక గీత గీసుకుంటే, పని చేసేటప్పుడు ప్యాడ్ తిరుగుతోందా ఆగిందా కంటికి తెలుస్తుంది. తిరగడం ఆగితే నొక్కుడు తగ్గించాలి, ప్యాడ్‌ను సమంగా ఆనించాలి. స్తంభాలు, అద్దాల చుట్టూ ఇరుకు చోట్లకు మూడంగుళాల ప్యాడ్ పట్టే చిన్న మెషిన్ తర్వాత తీసుకోవచ్చు. రోటరీని అన్నిటికన్నా చివర, పాత సామాన్ల షాపులో దొరికే బానెట్ ఒకటి తెచ్చుకుని దాని మీద నేర్చుకోవాలి. రంగు ఎక్కడ, ఎంతసేపటికి కాలుతుందో ఆ బానెట్ మీద ఒకసారి కావాలనే కాల్చి చూస్తే, ఆ తర్వాత వేరేవాళ్ల బండి మీద చేయి అదుపులో ఉంటుంది.

పని అయ్యాక ఇంకో పరీక్ష మిగిలే ఉంటుంది. చాలా పాలిష్‌లలో నూనెలు, కొన్నింట్లో గీతలను తాత్కాలికంగా నింపే పదార్థాలు ఉంటాయి. వాటి మెరుపు నాలుగు కడుగుళ్లకు దిగిపోయి, పాత గీతలు మళ్లీ పైకొస్తాయి. అందుకే డబ్బు ఇచ్చే ముందు బానెట్ మీద ఒక భాగాన్ని నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిపించుకోవాలి. తర్వాత బండిని షెడ్డు ట్యూబులైటు కింద నుంచి బయటికి తీసుకొచ్చి, నేరు ఎండలో చూడాలి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ వలయాలు మిగిలాయా, నడుస్తూ చూస్తే చారలు కదులుతున్నాయా అన్నవి అక్కడే తెలుస్తాయి. చారలు కదిలితే రోటరీ పని మధ్యలో ఆగిందని అర్థం. ఆర్బిటల్‌తో సన్న పాలిష్ ఇంకో విడత పట్టమని అప్పుడే అడగాలి.